వానబుడ్డికి బొట్టు పెట్టిన నాడు

ఆ రోజుల్లో వాన ఎప్పుడొస్తుందో చెప్పే మనుషులు ఊరి నిండా ఉండేవాళ్లు. చీమలు గుడ్లు మోసుకుపోతున్నాయని ఒకరు, కార్తె మారిందని ఒకరు, మోకాళ్లు గుంజుతున్నాయని ఒకరు, ఎవరి లెక్క వాళ్లు చెప్పేవాళ్లు. ఆ లెక్క తప్పితే నిలదీసేవాళ్లు లేరు. చీమను పట్టుకొని ‘మొన్న వాన వస్తదంటివి, ఏదే?’ అని అడిగేదెవరు? రేడియోలో వాతావరణ శాఖ చెప్పిన మాట ఒక్కటి అటూ ఇటూ అయితే మాత్రం ఊరంతా పగలబడి నవ్వేది. ఇప్పుడు రేడియో పోయి ఫోను వచ్చింది, ఆ నవ్వు మాత్రం పోలేదు. మొన్న నిజామాబాద్ బస్టాండు పక్క హోటల్లో చాయ్ తాగుతున్నాను. చేతిలో ఫోను పట్టుకున్న ఒక చదువుకున్న పిల్లగాడు, "వాతావరణమోళ్లు వాన అన్నరంటే బేఫికర్‌గ బట్టలు ఆరేసుకోవచ్చు" అన్నాడు. హోటల్లో అందరూ నవ్వారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏం పిల్లగా, నీ ఫోన్‌ల గా మబ్బుల బొమ్మ ఎవలు పెట్టిండ్రు? మీ తాత పెట్టిండా? మొన్న యాసంగి వడ్లు కల్లంల ఉన్నప్పుడు గాలివాన వస్తదని మీ బాపుకు మెసేజ్ ఎవలు పంపిండ్రు? టార్పాలిన్ కప్పుకున్నది ఎవలు?" అని మొదలుపెట్టి, నా చాయ్ మీద మీగడ కట్టేదాకా తిట్టాను. (పాపం, మంచి పిల్లగాడే. అంతా విని, ‘తాతకు ఇంకో చాయ్ వేడిగ ఇయ్యుండ్రి’ అని చెప్పాడు.)

నాకు అంత కోపం ఎందుకొచ్చిందని మీరు అడగవచ్చు. ఆ శాఖలో నేను పెద్ద ఉద్యోగమేమీ చేయలేదు. నిజం చెప్పాలంటే చిన్న ఉద్యోగం కూడా చేయలేదు. నేను బడికి పోయింది అయిదో తరగతి దాకా. ఆ తర్వాత చదువంతా కిరాణా పొట్లాల కాగితాల మీద, బోధన్ గ్రంథాలయంలో బల్ల మీద, చాయ్ హోటల్ రేడియో కింద సాగింది. అలా చదువుకున్నదాంట్లోనే ఈ శాఖ పుట్టుక గురించి కూడా తెలుసుకున్నాను. తెల్లదొరల కాలంలో కలకత్తా మీద పెద్ద తుపాను విరుచుకుపడిందట. ఆ తర్వాత కొన్నేళ్లు వానలు మొహం చాటేసి, కరువులు వచ్చి, మనుషులు పురుగుల్లా రాలిపోయారట. ఎక్కడి వాన లెక్క అక్కడే ఉంటే లాభం లేదు, దేశమంతటి లెక్కా ఒక్కచోట చేరాలి అని అప్పుడు ఈ శాఖను పెట్టారు. ఇప్పుడంటే పైనుంచి ఉపగ్రహం చూస్తోంది, రాడార్లు తిరుగుతున్నాయి. మా కాలంలో అవేవీ మా దాకా రాలేదు. రోజూ పొద్దున ఎక్కడెక్కడి నుంచో పెద్దాఫీసుకు టెలిగ్రాములు పోయేవి. అక్కడ సార్లు పెద్ద పటం పరుచుకొని, ఒక్కో ఊరి దగ్గర ఒక్కో అంకె పెన్సిలుతో వేసి, ఆ అంకెలను గీతలతో కలిపి, గాలి ఎటు తిరుగుతోంది, వాన ఎటు నడుస్తోంది అని చూసేవాళ్లు. ఆ పటం మీది ప్రతి అంకె వెనుకా ఎక్కడో ఒక మనిషి నడుము వంచి ఒక గాజు గ్లాసులోకి చూసి ఉంటాడు. అలా నడుము వంచిన వాళ్లలో నేనొకణ్ని. అందుకే నాకు కోపం.

మాది వర్ని దిక్కు ఊరు. నిజాంసాగర్ కాలువ కింద వరి, చెరుకు పండే నేల. మీసాలు మొలిచాయో లేదో తెలియని వయసులో మా ఊరి చెరుకు ఆఫీసులో జవానుగా కుదిరాను. చెరుకు ఆఫీసంటే రెండు గదులు, ఒక గేటు, ఆ గేటుకు గేటు తాత, లోపల ఒక సూపర్‌వైజరు. అంతే. ఒకనాడు హైదరాబాదు నుంచి దళసరి కళ్లద్దాల పెద్దమనిషి ఒకాయన వచ్చి, ఆఫీసు వెనుక ఖాళీ జాగాలో గట్టిగా సిమెంటు దిమ్మె కట్టించి, దాంట్లో ఒక రాగి డబ్బా పాతించి, చుట్టూ ముళ్లకంచె వేయించాడు. డబ్బా మీద గరాటు, లోపల సీసా. గరాట్లో పడ్డ వాన సీసాలోకి దిగుతుంది, దాన్ని గీతల గ్లాసులో పోసి కొలవాలి. పుస్తకాల్లో దాన్ని వర్షమాపకం అంటారు. మా ఊళ్లో ‘వానబుడ్డి’ అన్నారు. ఆ పెద్దమనిషికి ‘మబ్బుల సారు’ అని పేరు పెట్టారు. ఆఫీసులో అంకెలు గుండ్రంగా రాసేది నేనొక్కణ్నే అని ఆ బుడ్డిని నాకప్పగించారు. దాంతో నాకు కూడా ఊళ్లో కొత్త పేరొచ్చింది: వాన పట్వారీ, అంటే వాన లెక్కలు రాసే కరణం.

మబ్బుల సారు నన్ను బుడ్డి పక్కన కూర్చోబెట్టుకొని పని నేర్పాడు. "దేఖో భాయ్, రోజూ పొద్దున ఎనిమిదిన్నర. ఎనిమిదీ కాదు, తొమ్మిదీ కాదు. గ్లాసును కంటికి సమంగా పట్టుకో. పైకెళ్లి చూడొద్దు, కిందికెళ్లి చూడొద్దు. వాన లేకుంటే సున్నా రాయి. ఇంకో మాట ఇను, మొగులును చూసి రాయొద్దు. గ్లాసును చూసి రాయి. మొగులు అందరికీ ఒక్కో తీరు కనిపిస్తది, గ్లాసు అందరికీ ఒక్కటే తీరు" అన్నాడు. వాన మరీ జోరుగా పడితే ఆ పొద్దే హైదరాబాదుకు టెలిగ్రాం కొట్టాలని, దాని నకలు తాసీల్ ఆఫీసుకు పంపాలని కూడా చెప్పాడు. నేను ఆ మాటలన్నీ మంత్రాల్లాగా బట్టీ పట్టాను. (స్వయంగా చదువుకున్నవాళ్లకు ఇదొక జబ్బు. బడి పంతులు చెప్పింది మరిచిపోతాం. తనంతట తాను వచ్చి ఎవరైనా ఒక్క ముక్క నేర్పితే మాత్రం చచ్చేదాకా వదలం.)

మొదటి ఏడాది బాగానే పడింది. నేను గ్లాసు ఎత్తి కొలుస్తుంటే కంచె అవతల జనం నిలబడి చూసేవాళ్లు. రెండో ఏడే కరువు. మృగశిర పోయింది, ఆరుద్ర పోయింది, పుష్యమి కూడా దుమ్ము లేపుకుంటూ పోయింది. నిజాంసాగర్‌లో నీళ్లు అడుగంటి కాలువలు బంద్ పెట్టారు. చెరుకు తోటలు నిలువునా పసుపు రంగుకు తిరిగి, తర్వాత నిలువునా ఎర్రబారాయి. నేను మాత్రం ప్రతి పొద్దూ తల దువ్వుకొని, చెప్పులు విడిచి, కంచె లోపలికి పోయి, ఎండిన సీసాను గ్లాసులోకి వంచి, ఏమీ రాలకపోతే మళ్లీ ఒకసారి వంచి, కంటికి సమంగా పట్టుకొని చూసి, సున్నా రాసేవాణ్ని. దారిన పోయేవాళ్లకు నా పని వినోదమైపోయింది. "ఏం పట్వారీ, ఇయ్యాల ఎంత రాసినవ్?" "సున్న." "నిన్న?" "సున్న." "అరె, ఎక్వ రాయకురా బై, వరదొస్తది!" బీడీలు చుట్టే మా పక్కింటి అక్క ఇంకో అడుగు ముందుకేసి, "తమ్మీ, ఉత్త బుడ్డిని గంత పొద్దుగాల్నే లేపుడెందుకు? పండనియ్యరాదు!" అనేది. నాకు ఒళ్లు మండేది. ఇది సర్కారు పని, ఆట కాదు అని అరిచేవాణ్ని. అరిచిన కొద్దీ నవ్వేవాళ్లు.

ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వడం లేదు. మా బాపుకు రెండెడ్లు ఉండేవి. ఒకటి తెల్లది, ఒకటి మచ్చలది. దూడలప్పటి నుంచి తనే పెంచి, తనే కాడికి అలవాటు చేసినవి. వాటితోనే దుక్కి, వాటితోనే చెరుకు బండి. ఇంటి వెనుక గడ్డివాము కరిగి కరిగి మనిషి నడుమంత ఎత్తుకు దిగింది. రెండు దారులే మిగిలాయి. మా దిక్కు కరువని సర్కారు ఒప్పుకొని ఊళ్లో గడ్డి డిపో పెట్టాలి, లేకపోతే ఎడ్లను దేగ్లూరు అంగడికి తోలాలి. కరువు ఏడు అంగడికి పోయిన ఎడ్లు ఎవరి చేతికి పోతాయో అందరికీ తెలుసు. ఇంక వాటికి కాడి అక్కర్లేదు. బాపు ఆ మాట ఎన్నడూ పైకి అనలేదు. కొష్టంలో (అదే, పశువుల పాకలో) కూర్చొని మచ్చల ఎద్దు గంగడోలు నిమురుతూ ఉండేవాడు. అప్పుడప్పుడు నన్ను పిలిచి, "ఏమైందిరా గడ్డి డిపో?" అనేవాడు. నేను తాసీల్ ఆఫీసు దాకా పోయి కనుక్కొని వచ్చేవాణ్ని. "కాయితాలు పైకి పోయినయంట బాపు. ఇంకొన్నొద్దులు వాన లేకుంటే మంజూరైతదంట." "వాన లేకుంటే ఇస్తరా!" అని బాపు మొగులు వైపు చూసేవాడు. రైతు పుట్టుక పుట్టి వాన రావాలని మొక్కాలో, రావద్దని మొక్కాలో తెలియని స్థితి అది.

మా అవ్వకు (మా దిక్కు అమ్మను అలాగే పిలుస్తాం) ఈ కాగితాల సంగతి తెలియదు. తెలిసినా నమ్మేది కాదు. వాన రావాలంటే ఒక్కటే దారి, కప్పతల్లి. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. రోకలి నడుమ వేపకొమ్మలు కట్టి, వాటి మధ్య గుడ్డలో ఒక కప్పను కడతారు. రోకలిని ఇద్దరు భుజాల మీద మోస్తే, వెనుక ఆడవాళ్లు పాడుకుంటూ ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి ఇంటివాళ్లూ ఆ కప్ప మీద బిందెడో చెంబెడో నీళ్లు పోస్తారు. కప్ప బెకబెకమంటే మొగులుకు వినబడి వాన వస్తుందని నమ్మకం. మా ఊళ్లో ఆ గుంపుకు ముందుండేది మా అవ్వ. ఆ ఏడు మామూలుగా కంటే గట్టిగానే బయలుదేరారు. పొద్దు పొడిచీ పొడవకముందే ఊరంతా తిరిగారు, హనుమాండ్లకు నీళ్లు పోశారు, ఊరి నడిమి బొడ్రాయికి పోశారు. ఇంకా రెండు మూడు బిందెల్లో నీళ్లు మిగిలాయి. అప్పుడు అవ్వకు చెరుకు ఆఫీసు గుర్తొచ్చింది.

నేను ఎనిమిదిన్నరకు పోయేసరికి గేటు తాత నన్ను చూసి చేతులు జోడించాడు. ఆ ముసలాయన నాకు ఎన్నడూ దండం పెట్టినవాడు కాదు. ఏమైంది తాతా అంటే, "ఏం లేదు బిడ్డా, దేవుని పని. దేవుని పనికి గేటు మూస్తే కండ్లు పోతయ్" అన్నాడు. వెనక్కి ఉరికి చూస్తే ఏముంది! మబ్బుల సారు కట్టించిన సిమెంటు దిమ్మెకు నిండుగా పసుపు. రాగి డబ్బాకు చుట్టూ కుంకుమ బొట్లు. గరాటు అంచుకు వేపరొట్ట దండ. ముందు కొబ్బరి చిప్పలు, ఆరిపోయిన అగరువత్తి. నేల తడితడిగా ఉంది. పైన మొగులు మాత్రం తోమిన ఇత్తడి పళ్లెంలాగా తళతళ మెరుస్తోంది. గరాటు తీసి చూస్తే సీసా మూతి దాకా నిండి, పొర్లి, డబ్బా కూడా నిండింది. అందులో పసుపుపచ్చటి నీళ్ల మీద రెండు వేపాకులు తేలుతున్నాయి.

ఏం చేయాలి? సారు చెప్పిన మాటలు చెవుల్లో మోగుతున్నాయి. మొగులును చూసి రాయొద్దు, గ్లాసును చూసి రాయి. నేను గ్లాసు తీసుకున్నాను. కొలవడం మొదలుపెట్టాను. ఒక గ్లాసు నింపి పారబోసి రాసుకున్నాను, ఇంకోటి, మరోటి, అలా కొలుస్తూనే ఉన్నాను. వేపాకు అడ్డమొస్తే తీసి పక్కన పెట్టి మళ్లీ కంటికి సమంగా పట్టుకొని చూశాను. (ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. మబ్బు తునక లేకుండా ఎండ కాస్తుంటే, పసుపు నీళ్లను అంత భక్తిగా కొలిచిన మనిషి ఈ దేశంలో ఇంకొకడు ఉండి ఉండడు.) మొత్తం కూడితే మొదటి ఏడాది పెద్ద ముసురులో వచ్చిన అంకెను కూడా దాటిపోయింది. కాగితం పట్టుకొని సూపర్‌వైజరు దగ్గరికి ఉరికాను.

సూపర్‌వైజరు నిజామాబాద్ టౌను మనిషి. రూల్ అంటే భయం, ఖర్చంటే ఇంకా భయం. కిటికీలోంచి ఎండ చూశాడు, నా కాగితం చూశాడు, మళ్లీ ఎండ చూశాడు. "ఇది వాన కాదు గదరా." "కాదు సాబ్." "మరి సున్న రాయి." "బుడ్డిల సున్న లేదు సాబ్. గ్లాసును చూసి రాయమన్నడు సారు." "మరి గిదే రాయి." "గిది వాన కాదు సాబ్." ఆయన నెత్తి పట్టుకున్నాడు. "అరే, రూల్ ప్రకారం గింత నీళ్లుంటే టెలిగ్రాం కొట్టాలె. కొట్టకుంటే నా నౌకరి పోతది, కొడితే నీ నౌకరి పోతది. నువ్వే చెప్పు, ఏది పోగొడదం?" చాలాసేపు తర్జనభర్జన పడ్డాక, ఉన్నది ఉన్నట్టు చెప్పడమే మంచిదని నేనే తేల్చాను. అంకె రాసి, పక్కన ఇంగ్లీషులో ‘టర్మరిక్ వాటర్ స్కై క్లియర్’ అని రాశాను. టర్మరిక్ అన్న మాట నాకు తప్పుల్లేకుండా వచ్చు. నిజామాబాద్ పసుపు యార్డులో సంచుల మీద అచ్చు వేసి ఉండేది, చూసి చూసి వచ్చింది. నా పాండిత్యం చూసి సూపర్‌వైజరు మురుస్తాడనుకున్నాను. ఆయన కలం తీశాడు. "టెలిగ్రాంల మాట మాటకు పైసలు పడతయ్. హైదరాబాదోళ్లకు తెలివి లేదా? ఒక్క మాటకే సమజైతది" అని మిగతావన్నీ కొట్టేసి, అంకె, టర్మరిక్ మాత్రం ఉంచాడు. టెలిగ్రాం పోయింది. రూల్ ప్రకారం నకలు తాసీల్ ఆఫీసుకు పోయింది.

మరునాడు గిర్దావరు సైకిలు మీద వచ్చాడు. గిర్దావరంటే తాసీల్ ఆఫీసు నుంచి ఊళ్లు తిరిగే మనిషి. చావడి ముందు సైకిలు ఆపి, చెమట తుడుచుకొని, "మీ ఊరికి వాన మస్తు పడ్డదంట గద! గడ్డి డిపో కాయితం ఆపేసిండ్రు" అన్నాడు. జనం ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. "ఏడ పడ్డది దొరా? నీ సైకిల్ చక్రం సూడు, దుమ్ము తప్ప ఏమన్న ఉన్నదా?" అన్నారెవరో. గిర్దావరు జేబులోంచి నకలు తీశాడు. "నన్నెందుకడుగుతరు? మీ వాన పట్వారీయే రాసిచ్చిండు." ఊరంతా ఒక్కసారి నా వైపు తిరిగింది. నిన్నటిదాకా సున్నాలు రాస్తున్నానని నవ్విన జనమే, సున్నా రాయనందుకు నన్ను పచ్చిగా మింగేసేటట్టు చూశారు.

బాపు తిట్టలేదు. తిడితే బాగుండేది. ఇంటికొచ్చి, తాళ్లు తీసి నీళ్లలో నానబెట్టాడు. దూరం తోలుకుపోయే ముందు తాళ్లు అలా నానబెట్టడం మా దిక్కు అలవాటు. "బుధవారం అంగడి" అన్నాడు. అంతే. నేను చేతులు నలుపుకుంటూ, "బాపు, నేను ఉన్నదే రాసిన" అన్నాను. "అవ్ బిడ్డా, ఉన్నదే రాసినవ్" అని గడ్డివాము దగ్గరికి పోయి, మిగిలిన గడ్డిలో పెద్ద కట్ట తీసి ఎడ్ల ముందర వేశాడు. రోజూ పిడికెళ్లు లెక్కపెట్టి వేసే మనిషి! అవ్వ తలుపు చాటున నిలబడి చూసింది. తను పోసిన నీళ్లకూ ఈ తాళ్లకూ లంకె ఏమిటో అప్పటికే ఆమెకు అర్థమైపోయింది. పొయ్యి మీద జొన్న గటక అడుగంటుతున్నా కదలలేదు.

సోమవారం పగటి బస్సుకు మబ్బుల సారు దిగాడు. చేతిలో ఒక సంచీ, దాంట్లోంచి గాజు సీసాలు గలగలమంటున్నాయి. నన్ను చూడగానే భుజం పట్టుకొని, "భాయ్, ఏదీ ఆ పసుపు వాన? కొంచెమన్నా దాచి పెట్టినవా?" అని అడిగాడు. ఆయన కళ్లద్దాల వెనుక కళ్లు పిల్లవాడి కళ్లలాగా మెరుస్తున్నాయి. సంగతేమంటే, మా టెలిగ్రాం చూసి హైదరాబాదులో పెద్ద రభసే అయిందట. చుట్టూ బోధన్, బాన్సువాడ అన్నీ సున్నాలు చెబుతుంటే నడుమ ఈ ఒక్క ఊరికి అంత వాన ఎట్లా పడిందని కొందరు, గాలిలో ఎర్రమన్నో పూల పుప్పొడో కలిస్తే వాన రంగు మారడం లోకంలో ఉన్నదే, ఇది పసుపు వానే అయి ఉంటుందని కొందరు పంతం పట్టారట. చివరికి, చూడకుండా నమ్మవద్దు, చూడకుండా కొట్టెయ్యనూ వద్దు, పోయి చూసి రమ్మని ఈయనను పంపారు. నేను ఆయనను బుడ్డి దగ్గరికి తీసుకుపోయాను. పసుపు, కుంకుమ, వాడిన వేపరొట్ట, కొబ్బరి చిప్ప, అన్నీ చూశాడు. ఖాళీ సీసాల సంచీ మెల్లగా కింద పెట్టాడు. "ఇదా మీ టర్మరిక్?" అన్నాడు.

అప్పటికే కంచె చుట్టూ ఊరు చేరింది. సారు వెనక్కి తిరిగి, "నీళ్లు పోసింది ఎవరు?" అని అడిగాడు. గేటు తాత గేటు వెనక్కి పోయి నిలబడ్డాడు. గుంపును పక్కకు జరుపుకుంటూ మా అవ్వ ముందుకొచ్చింది. కొంగు నడుముకు దోపింది. "నేనే పోసిన సారూ. ఏం జేస్తవో నన్ను జెయ్యి. పోరన్ని ఏమనకు." "ఎందుకు పోసినవమ్మా?" "ఎందుకంటే ఏం జెప్పాలె? పాలకేంద్రంల రోజు ఉత్త చెంబు పట్టుకపోతే నాలుగొద్దులు సూస్తరు, అయిదో దినం పేరు కొట్టేస్తరు. నా కొడుకు గిన్నొద్దుల సంది ఉత్త బుడ్డే సూపెడుతుండు. సున్న, సున్న, సున్న! ఎన్నొద్దులు జీతమిస్తరు నువ్వే జెప్పు! ఊరోళ్లు సుత నవ్వవట్టిరి. కప్పతల్లికి పోసినం, హనుమాండ్లకు పోసినం, సర్కారుకు ఒక్కదానికి పోస్తే తప్పా అని పోసిన."

సారు కళ్లద్దాలు తీసి రుమాలుతో తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకొని, మళ్లీ తీశాడు. నవ్వు ఆపుకుంటున్నాడని నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నా పేరు కొట్టెయ్యడానికే కళ్లు తుడుచుకుంటున్నాడనుకున్నాను. "అమ్మా, మీ కొడుకుకు ఇచ్చేది వాన తెచ్చినందుకు కాదు, కొలిచినందుకు. సున్నా సుత లెక్కనే. ఇక్కడ సున్నా ఉన్నదని ఒక మనిషి రోజూ చూసి రాస్తేనే ఇక్కడ కరువున్నదని అక్కడ మాకు తెలుస్తది. సున్నా శాన విలువైనది." అవ్వ బుడ్డి వైపు ఓసారి చూసింది. "గంత విలువైందా?" "అంత విలువైందే." "మరి లెక్కలల్ల గదే సున్న ఏసి వీన్ని బడికెల్లి ఎందుకు ఎల్లగొట్టిండ్రు?" ఊరు ఊరంతా గొల్లుమంది. సారు ఇక ఆపుకోలేకపోయాడు. సిమెంటు దిమ్మె మీద, పసుపు అంటుతుందన్న సోయి కూడా లేకుండా కూలబడి నవ్వాడు. నేనొక్కణ్నే నవ్వలేదు. ఊరి ముందు నా సున్నాలు బయటపెట్టినందుకు అవ్వ మీద మండిపడుతూ నిలబడ్డాను.

నవ్వయ్యాక సారు విచారణ మొదలుపెట్టాడు. అంకెను ఊరికే కొట్టేస్తే కుదరదు, బుడ్డిలోని నీళ్లన్నీ మనుషులు పోసినవేనని తేలాలి. "ఎవరెవరు ఎన్ని పోసిండ్రు?" అన్నాడు. అంతే, పుణ్యం లెక్కకు వచ్చింది. "నేను నిండు బిందె పోసిన" అంది బీడీల అక్క. "బిందె నిండుగ ఏడున్నదే? సగం తొవ్వలనే ఒలుకపోస్తివి" అంది మా చిన్నమ్మ. "నువ్వు పోసింది చెంబెడే!" "చెంబైతేంది, మడి కట్టుకొని పోసిన!" ఒక్కొక్కళ్లు పెంచుకుంటూ పోయారు. సారు చేతి వేళ్ల మీద కూడుకుంటూ పోయి, చివరికి దండం పెట్టాడు. "అమ్మా, మీరు చెప్పినన్ని నీళ్లు పోస్తే నిజాంసాగర్ నిండుతది" అన్నాడు. మాటలతో తేలదని నన్ను వెంటబెట్టుకొని ఆఫీసు వెనుక చెరుకు తోటలోకి పోయాడు. జేబులోంచి తెల్లటి రుమాలు తీసి ఒక చెరుకు ఆకును కింది నుంచి మీదికి తుడిచాడు. రుమాలు మీద మట్టి గీత పడింది. ఇంకో సాలులో తుడిచాడు, ఇంకో గీత. కాలువ గట్టు మీది తుమ్మాకును కూడా వదల్లేదు. "గంత వాన పడితే ఈ దుమ్ము ఉంటదా భాయ్? ఇగో, ఇది నా సాక్షి" అని ఆ రుమాలును మడతపెట్టి భద్రంగా జేబులో పెట్టుకున్నాడు.

ఆ పొద్దే నన్ను వెంటబెట్టుకొని తాసీల్ ఆఫీసుకు పోయాడు. అంకె వాన కాదని, తను స్వయంగా చూశానని, అంతకు ముందువన్నీ ఒక్క రోజు తప్పకుండా కొలిచిన సున్నాలేనని సంతకం పెట్టి ఇచ్చాడు. బల్ల అవతల కూర్చున్నాయన, "ఒక్క దినం గడబిడ అయింది గద, మిగతా దినాలు ఎట్ల నమ్మాలె?" అని నసిగాడు. సారుకు కోపం వస్తే ఎట్లా ఉంటుందో అప్పుడే మొదటిసారి చూశాను. "గడబిడ అయిన దినం సుత వీడు అబద్ధం రాయలేదు. పసుపున్నదని తన పైసలు పెట్టి ఒక మాట ఎక్వ రాసిండు. గసుంటోని సున్నా నమ్మకుంటే ఇంకెవరి సున్నా నమ్ముతరు?" అన్నాడు. (పైసలు నావి కావు, ఆఫీసువి. ఆ సంగతి చెబుదామని నోరు తెరిచాను. ఆయన నా కాలు తొక్కాడు.) నాకు ఉద్యోగం ఇచ్చినవాళ్లున్నారు, అన్నం పెట్టినవాళ్లున్నారు. నా మాట నిజమని నలుగురిలో నిలబడి చెప్పిన మొదటి మనిషి ఆయనే. ఇప్పటికీ ఫోనులో మబ్బుల బొమ్మ వచ్చినప్పుడల్లా, ఆ బొమ్మ వెనుక ఎవరో ఒకాయన చెరుకు ఆకు తుడిచి చూసి ఉంటాడనే అనుకుంటాను. అందుకే ఎవరైనా నవ్వితే ఓర్చుకోలేను. తప్పుతారు, నిజమే. మొగులు ఎవరి మాట విన్నది గనుక? కానీ మన కోసం రోజూ దాని మొహంలోకి చూసే పని ఒకటుంది, ఆ పని చేసేవాళ్లున్నారు.

బుధవారం పొద్దున బాపు ఎడ్లను కడిగి, కొమ్ములకు నూనె రాసి, నానిన తాళ్లు వేసి, వాకిట్లోకి తోలాడు. డిపో మంజూరైతదని నేను చెబుతూనే ఉన్నాను. ‘కాయితం మాటలు’ అన్నాడు. ఊరు దాటి కాలువ గట్టు ఎక్కేసరికి ఎదురుగా గడ్డి బండ్లు వస్తున్నాయి. ముందు బండి మీద గిర్దావరు సైకిలుతో సహా కూర్చొని ఉన్నాడు. బాపు గట్టు మీదే ఆగిపోయాడు. ఎడ్లు ఆగలేదు. గడ్డి వాసన తగలగానే తాళ్లు గుంజుకొని పోయి, ముందు బండిలో మూతులు పెట్టేశాయి. బండివాడు తిడుతున్నాడు, గిర్దావరు ‘హైట్ హైట్’ అని అదిలిస్తున్నాడు. బాపు మాత్రం అదిలించలేదు. మచ్చల ఎద్దు వీపు మీద చెయ్యి వేసి, అది నములుతుంటే చాలాసేపు చూసి, నా వైపు తిరగకుండానే, "చూడరా, నీ సున్నలు ఎంత కమ్మగ తింటున్నయో" అన్నాడు.

నాకు ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. ఊరు నవ్వింది చాలదా, అవ్వ పరువు తీసింది చాలదా, ఇప్పుడు బాపు కూడా సున్నాలని ఎగతాళి చేస్తాడా! గట్టు మీద నుంచి విసవిసా ఇంటికొచ్చి, ఆ పూట అలిగి అన్నం తినలేదు. అవ్వ బతిమాలింది, బాపు పిలిచాడు, లేవలేదు. అంత అమాయకపు కోపిష్టి పిల్లగాడు ఇప్పుడెక్కడైనా కనబడితే దగ్గర కూర్చోబెట్టుకొని చెబుదును, ‘ఓరి పిచ్చోడా, మీ బాపు జన్మలో నిన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే, లేచి అన్నం తిను’ అని.